పెచ్చులూడిన రంగు చెప్పే పాఠం

పాత కారుకు కొత్త రంగు వేయిస్తే కొన్ని నెలలపాటు అద్దంలా మెరుస్తుంది. ఒక వానాకాలం గడిచేసరికి బానెట్ మీద చిన్న చిన్న బుడగలు కనిపిస్తాయి. తలుపు అంచుకు గోరు తగిలితే చాలు, పెచ్చు లేస్తుంది. యజమాని పెయింటరును తప్పుపడతాడు. పెయింటరు రంగుల కంపెనీని అంటాడు. కంపెనీవారు థిన్నర్ సరిగా కలపలేదంటారు. నిజానికి ఈ ముగ్గురి కంటే నమ్మదగిన సాక్షి ఒకటుంది. అది ఊడిపోతున్న ఆ రంగే. ప్రతి లోపానికీ ఒక రూపం ఉంటుంది, ఆ రూపానికి ఒక కారణం ఉంటుంది. దాన్ని చదవడం తెలియకుండా పైన మరో పూత వేస్తే డబ్బు రెండోసారి కూడా వృథా అవుతుంది.

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి ఉక్కు నగరాన్ని ఉదాహరణగా తీసుకుందాం. 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభమైన ఈ ఊరికి ఉద్యోగాల కోసం ఎన్నో తెలుగు కుటుంబాలు వెళ్ళి స్థిరపడ్డాయి. అక్కడి రిసాలిలో ఒక కాలేజీ విద్యార్థి పాత మారుతీ 800 కారును చవకగా కొని, సెలవు రోజుల్లో సొంతంగా బాగు చేసుకుంటున్నాడనుకుందాం. 1983లో రోడ్డెక్కి, 2014లో తయారీ ఆగిపోయిన ఈ చిన్న కారు ఇటువంటి పనికి అనువైనది. మొదటిసారి వేసిన రంగు పాడయింది. ఇంటి దగ్గరే మళ్ళీ వేయాలనుకుంటున్నాడు. అతడు తెలుసుకోవలసినది ఏమిటి?

భిలాయి కర్మాగారం రైలు పట్టాలకు పేరు పొందింది. పట్టా మీద పైపైన తుప్పు పట్టినంత మాత్రాన దాని బలం తగ్గిపోదు. కారు సంగతి వేరు. కారు రేకు మందం సాధారణంగా ఒక మిల్లీమీటరు కంటే తక్కువ. తుప్పు కొద్దిగా తినేసినా అక్కడ చిల్లు పడుతుంది. కాబట్టి కారుకు రంగు అలంకారం మాత్రమే కాదు, ఆ పలుచని రేకుకు ఉన్న ఒకే ఒక కవచం.

రంగు ఎండడం అంటే ఏమిటి?

పెయింటులో ముఖ్యంగా మూడు భాగాలుంటాయి. రంగునిచ్చే పొడిని వర్ణకం అంటారు. తెలుపుకు వాడే టైటానియం డయాక్సైడు, ఎర్రమట్టి రంగుకు వాడే ఐరన్ ఆక్సైడు ఇటువంటివే. ఆ పొడి రేణువులను ఒకదానితో ఒకటి, అన్నిటినీ రేకుతో పట్టి ఉంచేది బంధకం. దీనినే రెజిన్ అంటారు. ఈ రెండింటినీ పలుచన చేసి, స్ప్రే గన్ నుంచి తుంపరలుగా పంపడానికి వీలు కల్పించేది ద్రావణి. మనం థిన్నర్ అనేది దీన్నే.

అన్ని రంగులూ ఒకే విధంగా ఎండవు. వీటిలో మూడు పద్ధతులున్నాయి.

మొదటిది లాకరు. 1923లో అమెరికాలో డ్యుపాంట్ కంపెనీ, జనరల్ మోటార్స్ కలిసి ‘డ్యూకో’ అనే నైట్రోసెల్యులోజ్ లాకరును కార్లకు ప్రవేశపెట్టాయి. అంతకు ముందు ఒక్కొక్క కారు రంగు ఎండడానికి రోజులు, వారాలు పట్టేవి. డ్యూకో గంటల్లో ఎండేది. ఆ పేరు మన పెయింటర్ల నోట, వడ్రంగుల నోట ఇప్పటికీ వినిపిస్తుంది. లాకరులో ద్రావణి ఆవిరైపోవడమే ఎండడం. రెజిన్ అణువుల్లో ఏ మార్పూ జరగదు. చక్కెర నీళ్ళు ఆరిపోతే చక్కెర మిగిలినట్లే ఇది. మళ్ళీ నీళ్ళు పోస్తే చక్కెర కరిగినట్లే, ఎండిన లాకరు కూడా థిన్నర్ తగిలితే కరుగుతుంది.

రెండవది ఎనామెల్. ఇందులోని ఆల్కిడ్ రెజిన్ ద్రావణి పోయాక గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుంటుంది. ఆ చర్యలో అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి వల అల్లుకుంటాయి. ఒక రోజులో చేతికి అంటకుండా ఎండినా, లోపలి వరకు గట్టిపడడానికి వారాలు పడుతుంది.

మూడవది రెండు డబ్బాల రంగు. షెడ్లలో దీన్ని ‘టూ-కే’ అంటారు. ఒక డబ్బాలో యాక్రిలిక్ రెజిన్, రెండవ దానిలో హార్డెనర్ ఉంటాయి. కలిపిన క్షణం నుంచి రసాయన చర్య మొదలై పాలీయురెథేన్ వల ఏర్పడుతుంది. పూర్తిగా గట్టిపడిన తరువాత థిన్నర్ దీన్ని కరిగించలేదు.

ఇక ఫ్యాక్టరీలో వేసే రంగు వీటన్నిటి కంటే భిన్నమైనది. రేకుకు మొదట ఫాస్ఫేటు పూత ఇస్తారు. తరువాత కారు బాడీ మొత్తాన్ని ప్రైమర్ ఉన్న తొట్టిలో ముంచి విద్యుత్తు పంపుతారు. చేయి దూరని సందుల్లో కూడా ప్రైమర్ సమానంగా పట్టుకుంటుంది. ఆపైన వేసిన పొరలను సుమారు 140 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాలుస్తారు. ఇన్ని పొరలూ కలిసి 100 నుంచి 120 మైక్రాన్ల మందం ఉంటాయి. అంటే మిల్లీమీటరులో పదో వంతు. సీట్లు, రబ్బరు, పెట్రోలు టాంకు బిగించిన కారును ఇంటి దగ్గర అంత వేడికి గురిచేయడం అసాధ్యం. అందుచేత ఇంట్లో చేసే పని ఫ్యాక్టరీ పనికి నకలు కాలేదు. వీలైనంత వరకు ఫ్యాక్టరీ పొరను కాపాడుకోవడం మేలు అనే మాటకు కారణం ఇదే.

లోపాన్ని చదవడం ఎలా?

ఇప్పుడు పాడయిన రంగు దగ్గరకు వద్దాం. ఒక్కొక్క లక్షణాన్నీ చూద్దాం.

ముడతలు: వేసిన కాసేపటికే రంగు ముసలివాడి చర్మంలా ముడతలు పడితే, కింది పొరకు, పై పొరకు పడలేదన్న మాట. ఉదాహరణకు, ఇంకా పూర్తిగా గట్టిపడని ఎనామెల్ మీద లాకరు వేశారనుకోండి. లాకరు థిన్నర్‌లోని ఎసిటోన్, టోలీన్ వంటి బలమైన ద్రావణులు కింది ఎనామెల్‌లోకి చొరబడి దాన్ని ఉబ్బిస్తాయి. ఉబ్బిన పొరకు పక్కకు జరిగే చోటు ఉండదు. అందుకని పైకి లేచి మడతలు పడుతుంది.

చేపకళ్ళు: రంగు మధ్యలో గుండ్రని చిన్న గుంటలు ఏర్పడి, అడుగున రేకు లేదా ప్రైమర్ కనిపిస్తుంటే వాటిని చేపకళ్ళు అంటారు. ఇందుకు ముఖ్య కారణం కారు పాలిష్‌లో ఉండే సిలికోన్. తలతన్యత ఎక్కువగా ఉన్న ద్రవం తలతన్యత తక్కువగా ఉన్న ఉపరితలం మీద పరచుకోదు. తామరాకు మీద నీటిబొట్టు నిలిచినట్లు ముడుచుకుంటుంది. సిలికోన్ తలతన్యత చాలా తక్కువ. ఒక చిన్న మరక ఉన్నా రంగు అక్కడి నుంచి వెనక్కి తగ్గుతుంది.

పాలలాంటి తెలుపు: ఎండుతున్న లాకరు మెరుపు పోయి తెల్లబారితే అది గాలిలోని తేమ పని. థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు గుప్తోష్ణాన్ని రంగు పొర నుంచే తీసుకుంటుంది. పొర చల్లబడుతుంది. గాలిలోని ఆవిరి నీరుగా మారే ఉష్ణోగ్రతను తుషార బిందువు అంటారు. ఉష్ణోగ్రత 30 డిగ్రీలు, సాపేక్ష ఆర్ద్రత 80 శాతం ఉన్న రోజున తుషార బిందువు సుమారు 26 డిగ్రీలు. అంటే పొర నాలుగు డిగ్రీలు చల్లబడితే చాలు, దాని మీద కంటికి కనిపించని మంచు కురుస్తుంది. ఆ నీరు రంగులో చిక్కుకుని కాంతిని చెదరగొట్టడం వల్ల తెల్లగా కనిపిస్తుంది.

నారింజ తొక్క, కారిన చారలు: ఈ రెండూ ఒకదానికొకటి వ్యతిరేకమైన లోపాలు. కానీ కారణం ఒకే సూత్రంలో ఉంది. గన్ నుంచి వచ్చిన తుంపర బొట్లు బొట్లుగా పడుతుంది. తలతన్యత ఆ గుట్టలను లాగి చదును చేయాలని చూస్తుంది. స్నిగ్ధత, అంటే చిక్కదనం, అడ్డుపడుతుంది. చదునయ్యే వేగం తడి పొర మందం ఘనానికి అనులోమానుపాతంలో ఉంటుంది. పొర మందం రెండింతలయితే వేగం ఎనిమిదింతలవుతుంది. కాబట్టి రంగు మరీ పలుచగా పడినా, గన్ దూరంగా పట్టుకోవడం వల్ల థిన్నర్ దారిలోనే ఆవిరైపోయినా, గుట్టలు చదును కాకుండానే ఎండి నారింజ తొక్కలా మిగులుతాయి. అలాగని మందంగా వేద్దామంటే, నిలువు తలుపు మీద కిందికి జారే రంగు పరిమాణం కూడా అదే మందం ఘనానికి అనుపాతంలో పెరుగుతుంది. మందం రెండింతలయితే జారుడూ ఎనిమిదింతలు. మంచి పెయింటరు చేతిలోని నైపుణ్యం ఈ రెండింటి మధ్య ఉన్న సన్నని దారిలో నడవడమే.

బుడగలు: కొన్ని నెలల తరువాత, ముఖ్యంగా వర్షాకాలంలో వచ్చే బుడగలను గుచ్చి చూడండి. లోపల నీరు ఉంటే అది ద్రవాభిసరణం వల్ల వచ్చినది. రంగు పొర మనం అనుకున్నంత గట్టి గోడ కాదు. అది అర్ధపారగమ్య పొర. నీటి అణువులు మెల్లగా దాని గుండా పోగలవు. రంగు వేయకముందు చెమట చేతులతో రేకును తాకితే, లేదా ఉప్పుతనం ఉన్న బోరు నీటితో కడిగి వదిలేస్తే, లవణాలు పొర కింద ఉండిపోతాయి. ఎండు ద్రాక్ష నీటిని పీల్చుకుని ఉబ్బినట్లు ఆ లవణాలున్న చోటు బయటి నీటిని లోపలికి లాగుతుంది. ఒక వేలిముద్ర చాలు, ఆ ఆకారంలోనే బుడగలు రావచ్చు.

పెచ్చు కింద తుప్పు: పెచ్చు లేపితే వెనుకవైపు ఎర్రగా ఉంటే సమస్య రంగుది కాదు, రేకుది. తుప్పు పట్టడం ఒక విద్యుద్రసాయన చర్య. ఒక చోట ఇనుము ఎలక్ట్రాన్లను వదిలి అయాన్లుగా కరుగుతుంది. అది ఆనోడ్. పక్కనే మరో చోట ఆక్సిజన్, నీరు ఆ ఎలక్ట్రాన్లను తీసుకుని హైడ్రాక్సైడ్ అయాన్లను ఇస్తాయి. అది కాథోడ్. కాథోడ్ దగ్గర క్షారం పెరుగుతుంది. నూనె, క్షారం కలిస్తే సబ్బు తయారవుతుందని మనకు తెలుసు. ఆల్కిడ్ రెజిన్ నూనెల నుంచి తయారయ్యేదే కాబట్టి ఆ క్షారానికి అది సబ్బులా మారి పట్టు వదిలేస్తుంది. దీనికి తోడు, తుప్పు పరిమాణం అది తిన్న ఇనుము పరిమాణానికి రెండింతల కంటే ఎక్కువ. అది కింది నుంచి పొరను పైకి నెడుతుంది. తుప్పు మీద ఎంత ఖరీదైన రంగు వేసినా నిలవకపోవడానికి కారణం ఇదే.

గీకాలా, వద్దా?

లోపం ఏదో తెలిశాక, ఎంతవరకు గీకాలో నిర్ణయించాలి. దీనికి రెండు సులభమైన పరీక్షలున్నాయి.

మొదటిది గుడ్డ పరీక్ష. తెల్లని గుడ్డను లాకరు థిన్నర్‌తో తడిపి, కనబడని మూల ఒక నిమిషం అదిమి ఉంచాలి. రంగు కరిగి గుడ్డకు అంటితే అది లాకరు. ఉబ్బి ముడతలు పడితే సరిగా గట్టిపడని ఎనామెల్. ఏమీ కాకపోతే కాల్చిన ఫ్యాక్టరీ రంగు గాని, పూర్తిగా గట్టిపడిన టూ-కే గాని అయి ఉంటుంది. చివరి రకం మీద మాత్రమే ధైర్యంగా కొత్త పొరలు వేయవచ్చు.

రెండవది గళ్ళ పరీక్ష. కొత్త బ్లేడుతో రేకు తగిలేంత లోతుగా, రెండేసి మిల్లీమీటర్ల ఎడంతో ఆరు గీతలు నిలువుగా, ఆరు అడ్డంగా గీయాలి. 25 చిన్న గళ్ళు వస్తాయి. వాటి మీద గట్టి టేపు అంటించి ఒక్కసారిగా లాగాలి. గళ్ళు అలాగే నిలిస్తే పాత పొర పునాదిగా పనికివస్తుంది. గళ్ళు టేపుతో వచ్చేస్తే ఆ పలక మొత్తం గీకవలసిందే.

మన విద్యార్థి కారు బానెట్ మీద గళ్ళు ఊడి, తలుపుల మీద నిలిచాయనుకుందాం. బానెట్ రేకు వరకు గీకాలి. తలుపులకు గరుకు చేయడం సరిపోతుంది. కారంతటికీ ఒకే చికిత్స అవసరం లేదు.

మళ్ళీ మొదటి నుంచి

పనిలో వరుస ముఖ్యం. మొదట సబ్బు నీటితో కడిగి, తరువాత మైనం, జిడ్డు పోగొట్టే ద్రావణితో తుడవాలి. ఆ తరువాతే ఉప్పు కాగితం పట్టాలి. ముందే రుద్దితే సిలికోన్ గీతల్లోకి దిగిపోతుంది. శుభ్రమయిందో లేదో నీటితో తెలుసుకోవచ్చు. రేకు మీద నీరు పోస్తే తెగకుండా ఒకే పొరలా నిలవాలి. బొట్లుగా విడిపోతే జిడ్డు మిగిలి ఉన్నట్లు.

పాత రంగును పొడిగా రుద్దకూడదు. పాత వాహనాల పసుపు, ఎరుపు రంగుల్లో లెడ్ క్రోమేటు ఉండే అవకాశం ఉంది. ఇళ్ళకు వాడే రంగుల్లో సీసం 90 పి.పి.ఎం. మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమలులోకి వచ్చింది. అది కూడా ఇంటి రంగులకు సంబంధించినది. కాబట్టి నీళ్ళతో తడుపుతూ వాటర్ పేపరుతో రుద్దాలి. ఆ మురుగును పిల్లలు ఆడుకునే చోటికి, మొక్కల పాదుల్లోకి పోనివ్వకూడదు.

తుప్పును మెరిసే రేకు కనిపించే వరకు తీయాలి. గుంటల్లో మిగిలిన దానికి ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న మందు పూస్తే అది ఐరన్ ఫాస్ఫేటుగా మారుతుంది. డబ్బా మీద చెప్పిన విధంగా మిగులు ఆమ్లాన్ని తప్పక తొలగించాలి. లేకపోతే అదే రేపటి బుడగలకు విత్తనం. తడి రేకు చూస్తుండగానే ఎర్రబారుతుంది కాబట్టి వెంటనే తుడిచి ఆరబెట్టాలి.

సొట్టలకు పెట్టే పాలిస్టర్ లప్పంలో హార్డెనర్ సుమారు 2 శాతం ఉంటే చాలు. త్వరగా గట్టిపడుతుందని ఎక్కువ కలిపితే మిగిలిన పెరాక్సైడు పైకి ఊరి రంగులో మచ్చలు తెస్తుంది. ఈ లప్పాన్ని నీళ్ళతో రుద్దకూడదు. అందులోని సుద్దపొడి వంటి టాల్కు నీటిని పీల్చి దాచుకుంటుంది. పాత రంగుకు తడి, లప్పానికి పొడి అన్నది గుర్తుంచుకోవాలి. లప్పం రుద్దేటప్పుడు ముక్కుకు దుమ్ము మాస్కు తప్పనిసరి.

కాగితాల వరుస కూడా ఒక మెట్ల దారే. 80తో మొదలు పెట్టి 180, 320 మీదుగా వెళ్ళి ప్రైమర్ వేయాలి. ప్రైమర్ మీద నల్లరంగును పొగమంచులా పలుచగా చల్లి, 600 కాగితంతో రుద్దితే పల్లాలున్న చోట నలుపు మిగిలిపోతుంది. కంటికి కనిపించని ఎగుడుదిగుళ్ళు ఈ విధంగా బయటపడతాయి. ఆపైన 800 కాగితంతో నునుపు చేసి రంగు వేయాలి. గన్‌ను 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో, రేకుకు సమాంతరంగా నడపాలి. ప్రతి వరుసా ముందు వరుసలో సగాన్ని కప్పాలి. పూతకు పూతకు మధ్య 10 నుంచి 15 నిమిషాలు ఆగాలి. తొందరపడితే పై పొర ముందు ఎండి, కింద చిక్కుకున్న థిన్నర్ సూదిమొన రంధ్రాలు చేసుకుని బయటికి వస్తుంది.

ఏ నెలలో వేయాలి?

భిలాయిలో మే నెల ఎండకు బయట నిలిపిన కారు రేకు 60 డిగ్రీలు దాటగలదు. అప్పుడు వేస్తే నారింజ తొక్క తప్పదు. జూన్ మధ్య నుంచి సెప్టెంబరు వరకు గాలిలో తేమ ఎక్కువ. అప్పుడు వేస్తే తెల్లబారుతుంది. పైగా కంప్రెసర్ గాలిని నొక్కినప్పుడు అందులోని తేమ నీరుగా మారి గన్‌లోకి వస్తుంది. గొట్టం మధ్యలో నీటిని పట్టే వడపోత ఉండాలి. చలికాలం ఉదయాలలో రాత్రి మంచుకు తడిసిన రేకు ఉంటుంది. వానలు వెనకబడ్డాక నవంబరు నుంచి ఫిబ్రవరి చివరి వరకు, ఉదయం పది దాటాక మొదలుపెట్టి మధ్యాహ్నానికి ముగించడం మంచిది. ఉక్కు కర్మాగారాలు, రైలు మార్గాలున్న ఊళ్ళలో మరో చిక్కు ఉంది. గాలిలో తేలే సన్నని ఇనుప రజను తడి రంగు మీద వాలితే, ఆ తరువాత ఒక్కొక్క రేణువూ తుప్పు చుక్కగా మారుతుంది. చుట్టూ పరదా, నేల మీద నీళ్ళ చిలకరింపు అవసరం.

ఇంట్లో చల్లకూడని రంగు

అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఇది. టూ-కే రంగు గట్టిదే, మెరుపూ ఎక్కువే. కానీ దాని హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. ఈ పేరు వినగానే 1984 డిసెంబరు 2–3 రాత్రి భోపాల్ గుర్తుకు రావాలి. అప్పటికి భిలాయి కూడా మధ్యప్రదేశ్‌లోనే ఉండేది. అక్కడ లీకయినది మిథైల్ ఐసోసయనేట్. అది 39 డిగ్రీలకే మరిగే ద్రవం. రంగుల్లో వాడేది అది కాదు. హెక్సామిథిలీన్ డై ఐసోసయనేట్ నుంచి తయారైన పెద్ద అణువులు. ఇవి సులభంగా ఆవిరి కావు. అందుచేత డబ్బాలో ఉన్నంతసేపు ప్రమాదం తక్కువ. గన్‌తో చల్లినప్పుడు మాత్రం సన్నని తుంపరగా ఊపిరితిత్తుల లోతుకు చేరతాయి. పనిచేసే చోట వచ్చే ఆస్తమాకు ప్రధాన కారణాలలో ఐసోసయనేట్లు ఒకటి. ఒకసారి శరీరం వీటికి అలవాటు తప్పి ఎదురు తిరిగిందంటే, ఆ తరువాత అతి స్వల్ప మోతాదుకు కూడా ఆయాసం వస్తుంది. ఆ స్థితి జీవితాంతం ఉండిపోవచ్చు.

ముక్కుకు కట్టిన రుమాలు గాని, దుమ్ము మాస్కు గాని దీన్ని ఆపలేవు. వాసన తెలిసేలోపే హద్దు దాటిపోతుంది కాబట్టి బొగ్గు వడపోత ఉన్న మాస్కు ఎప్పుడు పనిచేయడం మానిందో కూడా మనకు తెలియదు. బయటి నుంచి గొట్టం ద్వారా మంచి గాలిని అందించే తొడుగు, గాలిని లాగివేసే గది కావాలి. గోడకు గోడ ఆనుకుని ఉన్న క్వార్టర్లలో ఆ తుంపర పక్కింటి వంటగదిలోకి కూడా పోతుంది. కాబట్టి టూ-కేని ఇంటి దగ్గర చల్లకూడదు.

హార్డెనర్ లేని లాకరు, ఎనామెల్‌లలో ఈ ప్రమాదం లేకపోయినా మంటల భయం ఉంది. టోలీన్ 4 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మండే ఆవిరిని ఇస్తుంది. ఆ ఆవిరి గాలి కంటే మూడు రెట్లు బరువు. నేల మీద పాకుతూ పోయి దూరంగా ఉన్న పొయ్యిని, బీడీ నిప్పును అందుకోగలదు. వీటిని చల్లేటప్పుడు బొగ్గు వడపోత మాస్కు, ధారాళంగా గాలి ఉండి తీరాలి.

ఇప్పుడు మన విద్యార్థి ఏం చేయాలో స్పష్టమే. కడగడం, గీకడం, తుప్పు తీయడం, లప్పం పెట్టి చదును చేయడం, హార్డెనర్ లేని ప్రైమర్ వేయడం, అంటే ఎక్కువ శ్రమ, ఓపిక కావలసిన పనంతా ఇంటి దగ్గర చేసుకోవచ్చు. రంగు నిలవడం ఆ పని మీదే ఆధారపడి ఉంది. పైన టూ-కే మెరుపు కావాలంటే ఆ ఒక్క రోజు పనిని సరైన గది ఉన్న షెడ్డుకు అప్పగించాలి. అక్కడ వాడే రంగుకు తన ప్రైమర్ సరిపోతుందో లేదో ముందే అడగాలి. అడగకపోతే మళ్ళీ ముడతల కథే.

మీరే చేసి చూడండి

అరచేతి వెడల్పున్న మూడు ఇనుప రేకు ముక్కలు తీసుకోండి. మూడింటినీ ఉప్పు కాగితంతో రుద్ది కడిగి ఆరబెట్టండి. మొదటి దాన్ని అలాగే ఉంచండి. రెండవ దాని మీద ఉప్పు నీటిలో ముంచిన వేలితో ముద్ర వేసి ఆరనివ్వండి. మూడవ దాని మీద కొబ్బరినూనె వేలిముద్ర వేయండి. మూడింటికీ ఒకే ఎనామెల్‌ను బ్రష్‌తో పూసి రెండు వారాలు ఆరనివ్వండి. తరువాత రెండు వారాలు నీటిలో ఉంచి, తీసి తుడిచి, పైన చెప్పిన గళ్ళ పరీక్ష చేయండి. ఏ ముక్క మీద ఎన్ని గళ్ళు మిగిలాయో, ఏ ముద్ర ఉన్న చోట బుడగలు వచ్చాయో పట్టికలో రాసుకోండి.